ఒక్క కొట్టివేత

ఆ వానాకాలంలో నేను పది వారాలు మంచం దిగలేదు. దిగలేదంటే పూర్తిగా నిజం కాదు. నడుముకి బెల్టు బిగించుకుని స్నానాలగది దాకా, కిటికీ దాకా నడిచేదాన్ని. కానీ బుద్ధెరిగాక అన్ని రోజులు పనికి వెళ్ళకుండా ఉండటం అదే మొదటిసారి కాబట్టి, మంచం దిగలేదనే చెప్పుకుంటాను. ఆ పది వారాల్లో నా వెన్నుపూస ఒకటి బాగుపడింది, మా ఆయనకు వంట వచ్చింది, మా అత్తయ్య నాతో నేరుగా మాట్లాడటం మొదలుపెట్టింది. మూడింటిలో ఏది పెద్ద విశేషమో చెబితే ఆపరేషన్ చేసిన డాక్టరుగారు నొచ్చుకుంటారు.

నేను చొక్కాల ఫ్యాక్టరీలో కట్టర్‌ని. మామూలు బట్టయితే మెషిన్ కోస్తుంది, వంద పొరలు ఒక్కసారే. గళ్ళ బట్ట వస్తే మాత్రం దాని వల్ల కాదు. జేబు మీది గడి చొక్కా మీది గడితో కలవాలి, కాలరు కొసలు రెండూ ఒకేలా ఉండాలి. ఆ పని చేత్తో చెయ్యాల్సిందే. మా హాల్లో అలా కోసేవాళ్ళం ముగ్గురం. అందులో ఎడంచేతి వాటం నా ఒక్కదానిదే. మామూలు కత్తెర ఎడంచేత్తో పట్టుకుంటే పై బ్లేడు వచ్చి సుద్దగీతను కప్పేస్తుంది, గీత కనబడక అంచనా మీద కోయాలి. మొదటి మూడేళ్ళు అలాగే కోశాను. తర్వాత స్టోరు బాబాయ్ పై ఆఫీసుకి ఏడు ఉత్తరాలు రాసి నా కోసం ఎడంచేతి కత్తెర తెప్పించాడు. ఆ ఏడు ఉత్తరాల నకళ్ళూ ఆయన ఫైల్లో ఉన్నాయి. ఎవరైనా అడిగితే చూపిస్తాడు. ఎవరూ అడగరు, అయినా చూపిస్తాడు.

బాబాయ్ అంటే చుట్టం కాదు. ఫ్యాక్టరీలో అందరికీ బాబాయే. దారం ఉండ దగ్గర్నుంచి ఇస్త్రీ పెట్టె దాకా ఆయన రిజిస్టరులో సంతకం పెట్టకుండా ఎవరి చేతికీ ఏదీ రాదు. ఇరవై రెండేళ్ళుగా ఆ రిజిస్టర్లలో ఒక్క కొట్టివేత లేదు. రాసే ముందు కలాన్ని గాల్లో ఆపి, రాయబోయేది లోపల ఒకసారి చదువుకుని, అప్పుడు కాగితం మీద పెడతాడు. మాకు పని తొందర, ఆయనకు ఆ ఆపడమే పని. వరుసలో నిలబడ్డవాళ్ళం పళ్ళు నూరుకునేవాళ్ళం. వానలు వెనకబట్టాక ఆయన రిటైరవుతున్నాడు. ఒక్క కొట్టివేత కూడా లేకుండా రిజిస్టర్లు అప్పగించిన స్టోరుకీపరుకి పై ఆఫీసు ఒక ప్రశంసాపత్రాన్ని ఫ్రేము కట్టించి ఇస్తుంది. అది రాకముందే మేమంతా దానికి "బాబాయ్ ఫ్రేము" అని పేరు పెట్టేశాం. ఇంట్లో ఏ గోడకి మేకు కొట్టాలో కూడా ఆయన చూసి పెట్టుకున్నాడు.

ఆపరేషన్‌కి ముందు రోజు సాయంత్రం నేను కత్తెర తుడిచి, నూనె రాసి, ఫ్లానెల్ గుడ్డలో చుట్టాను. సెలవు మీద వెళ్ళేవాళ్ళు పనిముట్లను టేబుల్ కింద ఉండే ఇనప డబ్బాలో పెట్టి తాళం వేసుకుని వెళ్తారు. అదే అలవాటు. కానీ వాన పడితే నా టేబుల్ పక్కనే పైకప్పు కారుతుంది. అక్కడ బకెట్ పెడతాం, అయినా చెమ్మ డబ్బాలోకి దిగుతుంది. పది వారాలు అందులో ఉంటే నా కత్తెర గతి ఏమిటి? అందుకని స్టోరుకి పట్టుకెళ్ళాను.

"బాబాయ్, దీన్ని నీ దగ్గర ఉంచు. నా డబ్బాలో తుప్పు పడుతుంది."

"స్టోరులోకి వస్తువొస్తే రిజిస్టరులోకి రావాలి."

"రాసుకో, ఎవరొద్దన్నారు?"

రాశాడు. వేలు పెట్టి చూపించిన చోట నేను సంతకం పెట్టాను. పదకొండేళ్ళుగా ఆయన వేలు ఎక్కడుంటే నా సంతకం అక్కడ పడుతోంది. పైన ఏం రాసుందో ఏనాడూ చదవలేదు, ఆ రోజూ చదవలేదు.

"త్వరగా రా ఎడంచెయ్యీ. నువ్వు లేకపోతే గళ్ళ చొక్కాలు ఎగుడుదిగుడుగా తయారవుతాయి" అన్నాడు. ఆయన నన్ను పిలిచే పేరే అది.

సెలవు కాగితం, డాక్టరుగారి సర్టిఫికెట్ ఆ ఉదయమే పాత మేనేజరుకి ఇచ్చేశాను. ఆయనకి అదే ఆఖరి వారం, వేరే చోటికి బదిలీ అయ్యాడు. కొత్తాయన వస్తాడని అనుకుంటున్నారు.

ఇంటి సంగతి చెప్పాలి. మా అత్తయ్య ఇరవై తొమ్మిదేళ్ళు రైల్వే బుకింగ్ ఆఫీసులో కౌంటరు వెనక కూర్చుని రిటైరైన మనిషి. నా పెళ్ళైన నాలుగో రోజున ఆవిడ మడతపెట్టిన దుప్పట్లు నేను విప్పి మళ్ళీ మడతపెట్టాను. నేనేం చేసేది, కట్టర్‌ని, అంచులు కలవకపోతే నాకు మనసొప్పదు. ఆవిడ చూసింది. ఒక్క మాట అనలేదు. అనకపోవడమే పెద్ద మాటయి, ఆ రోజు నుంచి పన్నెండేళ్ళు మా ఇద్దరి మధ్య ప్రతి సంగతీ మా ఆయన మీదుగానే నడిచింది. "నీ పెళ్ళానికి చెప్పు, పాలు పొంగుతున్నాయని." "మీ అమ్మకి చెప్పండి, చూశానని." పాలు పొంగిపోయేవి.

మా ఆయన గోడలకు రంగులు వేస్తాడు. వానాకాలం ఎవరూ గోడలకి రంగులు వేయించుకోరు. ఆ మూడు నెలలూ ఇల్లు నా ఉద్యోగం మీదే నడుస్తుంది, ప్రతి ఏడూ అంతే. అందుకే ఆ ఏడు ఆయన ఖాళీగా ఇంట్లో ఉండి వంట నెత్తినేసుకున్నాడు. కూరలో ఉప్పు మొదటి కోటు, రెండో కోటు అని రెండుసార్లు వేసేవాడు. నేను మొహం చిట్లిస్తే, "ఆరాక సరిపోతుందిలే" అనేవాడు. అత్తయ్య నీళ్ళు తాగుతూ తినేసేది. కొడుకు వంటకు వంక పెట్టదు, అది నాకొక ఒళ్ళు మంట.

అయిదో వారంలో ఉత్తరం వచ్చింది. మా ఆయన బజారుకి వెళ్ళాడు. పోస్టుమాన్‌కి అత్తయ్యే సంతకం పెట్టింది. కవరు చించి చదివింది. నా పేరున వచ్చిన ఉత్తరం మీరెందుకు చించారని నేను దెబ్బలాటకు సిద్ధమవుతుంటే, ఆవిడ నా మంచం దగ్గరికి వచ్చి నిలబడింది. పన్నెండేళ్ళలో మొదటిసారి నా మొహంలోకి చూసి మాట్లాడింది.

"అమ్మాయ్, నువ్వు ఉద్యోగం మానేశావా?"

"నేనా? మానేయడమేమిటండీ?"

"మానేశావని రాశారు."

చదివి వినిపించింది. ఫలానా తేదీన నేను పనిముట్టు అప్పగించి, ఉద్యోగం విడిచి వెళ్ళేవారి పేజీలో సంతకం చేశానట. కాబట్టి అదే తేదీ నుంచి నా పేరు హాజరుపట్టీలోంచి తీసేశారట. నా సొంత వస్తువులేమైనా ఉంటే నెలాఖరులోగా వచ్చి తీసుకెళ్ళాలట. కింద కొత్త మేనేజరు సంతకం.

కత్తెరకు తుప్పు పట్టకూడదని చూసుకుంటే నా ఉద్యోగమే పోయింది. పడుకున్నచోటు నుంచే బాబాయ్‌ని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన కలాన్ని, ఆయన ఫ్రేముని కూడా వదల్లేదు. తిట్టడం అయిపోయాక ఏడుపొచ్చింది. నడుం కోయించుకుని బెల్టుతో తిరిగే ఎడంచేతి కట్టర్‌ని ఇంకే ఫ్యాక్టరీ తీసుకుంటుంది? ఆ కత్తెర ఇంకెక్కడుంటుంది? వానలేమో ఇంకా సగం మిగిలే ఉన్నాయి.

అత్తయ్య ఓదార్చలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సెలవు కాగితం ఏ రోజు ఇచ్చావు?"

"అదే రోజు పొద్దున."

"ఎవరికి?"

"పాత మేనేజరుకి. ఆయన వెళ్ళిపోయాడుగా."

"డాక్టరు సర్టిఫికెట్ జత చేశావా? నకలు ఉంచుకున్నావా?"

నకలు నేను ఉంచుకోలేదు. అంతలో బజారు నుంచి వచ్చిన మా ఆయన విషయం విని తన రంగుల కార్డుల కట్ట తీశాడు. లేత నీలాలకూ ముదురు నీలాలకూ మధ్య రెండు కాగితాలు మడతపెట్టి ఉన్నాయి, సెలవు కాగితానికి, సర్టిఫికెట్‌కి నకళ్ళు. ఒకదాని మీద ఆయన బొటనవేలి ముద్ర నీలంగా పడింది. "ఎందుకైనా మంచిదని" అన్నాడు. ఆ మనిషిని నేను వంట విషయంలో అన్ని మాటలన్నాను.

అత్తయ్య కాగితాలు చదివి కళ్ళజోడు తీసింది.

"మా బుకింగ్ ఆఫీసులో తలుపు వెనక ఒక ప్రకటన ఉండేది. ప్రతి పనిచోటా పెట్టాలి, చట్టం అది. మీ దగ్గర ఉందా?"

"ఏమో అత్తయ్యా, నేనెప్పుడూ చూళ్ళేదు."

"ఉంటుంది. తలుపు వెనకే ఉంటుంది. పెట్టాలి కాబట్టి పెడతారు, కనబడకుండా పెడతారు." కొంగుతో కళ్ళజోడు తుడుస్తూ అంది, "మీ ఆయన మూడేళ్ళ పిల్లాడప్పుడు నాకు కామెర్లొచ్చాయి. ఏడు వారాలు సెలవు పెట్టాను. తిరిగెళ్ళేసరికి నా కౌంటర్లో ఇంకొకరు కూర్చున్నారు. నన్ను పార్శిల్ గదికి పొమ్మన్నారు. నేను అడగలేదు. తలుపు వెనక ఏముందో నాలుగేళ్ళ తర్వాత చదివాను."

పన్నెండేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, ఆవిడ పార్శిల్ గదిలో కూర్చుందన్న సంగతే నాకు తెలియదు.

మర్నాడు పొద్దున్నే అద్దెకారు పిలిపించారు. ముందు సీటు వెనక్కి వాల్చి నన్ను పడుకోబెట్టారు. వాన అద్దాల మీద దంచి కొడుతోంది. దారి పొడుగునా అత్తయ్య వెనక నుంచి నాకు ఒకటే పాఠం.

"అక్కడ నువ్వు నోరు విప్పకు. అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు, అంతే. కౌంటరు ముందు అరిచినవాళ్ళకి నేను టికెట్ ఇచ్చేదాన్ని, కిటికీ పక్క సీటు మాత్రం ఇచ్చేదాన్ని కాదు."

కొత్త మేనేజరు చిన్నవాడే. మమ్మల్ని చూడగానే లేచి నిలబడ్డాడు, నా కోసం కుర్చీ జరిపాడు. నేను కూర్చోలేనంటే కంగారుపడి బట్ట చుట్టలు రెండు తెప్పించి గోడకు ఆనించి వేయించాడు. నేను తిట్టుకోవడానికి వీల్లేకుండా చేశాడు. అద్దంలోంచి నా టేబుల్ కనబడుతోంది. పక్కన బకెట్ ఉంది. టేబుల్ ముందు ఎవరో కొత్తమ్మాయి, కుడిచేత్తో, గళ్ళ బట్ట కోస్తోంది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, అయినా నా కడుపు మండింది.

"బాబూ, జల్లు కొడుతోంది, తలుపు వెయ్యనా?" అంది అత్తయ్య.

"వెయ్యండి."

వేసింది. తలుపు వెనక గోడ మీద, అద్దం బిగించిన ఒక కాగితం. నేను ఆ గదిలోకి పదకొండేళ్ళుగా వెళ్తున్నాను. తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని, ప్లాట్‌ఫారం మీద రైలు వస్తోందని చెప్పే గొంతుతో చదివింది.

"వైద్యుని ధ్రువపత్రంతో సెలవులో ఉన్న ఉద్యోగిని ఆ సెలవు కాలంలో పనిలోనుంచి తొలగించరాదు. తిరిగి వచ్చినప్పుడు అదే పనిని గానీ, దానికి అన్నివిధాలా సమానమైన పనిని గానీ ఇవ్వవలెను." చదివి మా నకళ్ళు బల్ల మీద పెట్టింది.

మేనేజరు వాటిని చూశాడు. తన ఫైల్లోంచి అసలు కాగితాలు కూడా తీసి పక్కన పెట్టుకున్నాడు. దాచలేదు.

"ఇవి నా దగ్గరా ఉన్నాయండీ. సెలవులో ఉన్నవాళ్ళని నేను తీసెయ్యను, తీసెయ్యకూడదు. కానీ సెలవడిగిన రోజు సాయంత్రమే ఈవిడ పనిముట్టు ఇచ్చేసి వెళ్ళిపోయేవాళ్ళ పేజీలో సంతకం పెట్టారు. మనసు మార్చుకున్నారనే కదా నేననుకోవాలి? నెలాఖరుకి ఆ పేజీ చూసి పేర్లు తీస్తాం. రూలు అదీ." నా వైపు తిరిగాడు. "సంతకం మీదేనా అమ్మా?"

"నాదే సార్."

"చదివే పెట్టారా?"

అత్తయ్య ఉన్నది ఉన్నట్టు చెప్పమంది. "లేదు సార్. చదవలేదు."

ఆయన నిట్టూర్చాడు. చదవలేదంటే చెల్లదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

"స్టోరాయన్ని ఒకసారి పిలిపించండి" అంది అత్తయ్య.

బాబాయ్ రిజిస్టరు చంకలో పెట్టుకుని వచ్చాడు. నన్ను చూసి, "అప్పుడే వచ్చేశావేం? అయిదు వారాలేగా అయింది" అన్నాడు. మేనేజరు ఉత్తరం చూపించాడు. బాబాయ్ దాన్ని రెండుసార్లు చదివాడు. ఆయనకి ఏమీ తెలియదని ఆ మొహం చూడగానే అర్థమైంది. నిన్న మంచం మీద నుంచి తిట్టిన తిట్లన్నీ తిరిగొచ్చి నాకే తగిలాయి.

"తమ్ముడూ," అంది అత్తయ్య, "ఉద్యోగం మానేసినవాళ్ళు ఇచ్చిన సామాను మీరేం చేస్తారు?"

"పదిహేను రోజుల్లో పై స్టోరుకి పంపేస్తానండి."

"ఈ అమ్మాయి కత్తెర పంపారా?"

"లేదండి."

"అయిదు వారాలైంది కదా. ఎందుకు పంపలేదు?"

బాబాయ్ ఆవిడ వైపు వింతగా చూశాడు, అడగాల్సిన ప్రశ్నేనా అన్నట్టు.

"మళ్ళీ వస్తుందిగా" అన్నాడు.

ఆయన వెళ్ళి తన బల్ల సొరుగులోంచి ఫ్లానెల్ గుడ్డ మూట తెచ్చి విప్పాడు. నా కత్తెర తళతళలాడుతోంది. సోమవారం సోమవారం నూనె రాస్తున్నాడట. అది చూసి నాకు కళ్ళలో నీళ్ళు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

"మరి వెళ్ళిపోయేవాళ్ళ పేజీలో ఎందుకు రాశారు?" అని అడిగాడు మేనేజరు.

"వేరే పేజీ లేదు సార్. ఇచ్చేవాటికొకటి, మానేసినవాళ్ళు తిరిగిచ్చేవాటికొకటి. దాచిపెట్టమని తెచ్చినవాళ్ళు ఇరవై రెండేళ్ళలో ఎవరూ లేరు. వస్తువు తిరిగొచ్చింది కదా అని అందులో రాశాను. ఆ పేజీ చూసి పేరు తీసేస్తారని నాకు తట్టలేదు."

మేనేజరు బల్ల మీద పెన్సిల్ దొర్లిస్తూ ఆలోచించాడు. "నాకు నమ్మకమే. కానీ రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టే ఉంటే పై ఆఫీసుకి నేనేం రాయను? మీరు దిద్దితే ఆవిడ పేరు ఇవాళే ఎక్కించేస్తాను. దిద్దితే మాత్రం..." అని ఆగిపోయాడు. కొత్తవాడైనా ఫ్రేము సంగతి అప్పటికే ఆయన చెవిన పడినట్టుంది. ఎవరి చెవిన పడలేదు గనక.

నేనింక ఊరుకోలేకపోయాను. "వద్దు బాబాయ్. ఇంకేదైనా దారి చూద్దాం. విడిగా ఓ కాగితం రాసిస్తే చాలదా?"

"నువ్వూరుకో ఎడంచెయ్యీ. తప్పు రిజిస్టరులో ఉంటే దిద్దుబాటు ఇంకో కాగితం మీద చేస్తారా ఎవరైనా?"

రిజిస్టరు తెరిచాడు. జేబులోంచి తన స్టీలు స్కేలు తీశాడు. ఎర్ర సిరా పెన్ను మేనేజరు దగ్గర తీసుకున్నాడు. పెన్నుని గాల్లో ఆపాడు. ఎప్పుడూ ఆపే దానికంటే కొంచెం ఎక్కువసేపు ఆపాడు. ఆ వరుసలో నిలబడి పళ్ళు నూరుకున్న రోజులన్నీ గుర్తొచ్చి నాకు సిగ్గేసింది. తర్వాత స్కేలు ఆనించి, నా పేరున్న వరుస మీద నిండా ఒక గీత గీశాడు. పక్కన చిన్న అక్షరాలతో రాశాడు, "ఈ నమోదు నా పొరపాటు. కత్తెర భద్రపరచడానికి ఇచ్చారు. ఉద్యోగం వదలలేదు." తేదీ వేసి సంతకం పెట్టాడు. చెమ్మకి సిరా ఆరకపోతే ఊదుతూ కూర్చున్నాడు.

"నా సంతకం కూడా పెట్టించు" అన్నాను. "చదవకుండా పెట్టింది నేను. పొరపాటు ఇద్దరిదీ."

"అయితే ఇప్పుడైనా చదివి పెట్టు."

చదివాను. పెట్టాను.

మేనేజరు అప్పటికప్పుడు ఉత్తరం రాయించాడు. నా పేరు హాజరుపట్టీలో ఎప్పటిలాగే ఉంటుందని, మిగతా అయిదు వారాల సెలవు కొనసాగుతుందని అందులో ఉంది. "తొందరపడి రాకండి అమ్మా, బాగయ్యాకే రండి" అన్నాడు.

"అదే పనా, సమానమైన పనా?" అంది అత్తయ్య.

"అదే పని అండీ. అదే టేబుల్."

"ఉత్తరానికి నకలు, ఈ పేజీకి ఒక నకలు."

ఇచ్చాడు. అత్తయ్య వాటిని సంచీలో పెట్టుకుని, బయటికి వస్తూ తలుపు మళ్ళీ తెరవబోయి, ఆగి, మేనేజరు వైపు చూసింది. ఆయనకి అర్థమైంది. తర్వాత నేను పనిలో చేరేసరికి ఆ కాగితం హాజరు మెషిన్ పక్కన, అందరి కళ్ళెదుటా ఉంది.

ఆ అయిదు వారాలు ఎలా గడిచాయో చెప్పాలంటే ఒక్క సంగతి చాలు. ఒక మధ్యాహ్నం అత్తయ్య ఆరిన బట్టలన్నీ తెచ్చి నా మంచం మీద పోసింది. ఒక దుప్పటి చేతిలోకి తీసుకుని, "ఎలా మడతపెట్టాలో చెప్పు, అలాగే పెడతాను" అంది.

"మీకెలా వస్తే అలా పెట్టండి అత్తయ్యా."

"అంచులు కలవవు మరి."

"కలవకపోతే ఏమైంది?"

ఆవిడ మడతపెట్టింది. అంచులు ఒక బెత్తెడు తేడా వచ్చాయి. నేను దాని వైపు చూడకుండా ఉండలేకపోయాను, కానీ చెయ్యి మాత్రం వెయ్యలేదు. వంటింట్లోంచి మా ఆయన, "మీరిద్దరూ మాట్లాడుకుంటుంటే ఇంక నాకేం పని?" అన్నాడు. "కూరలో ఉప్పు ఒక్క కోటే వెయ్, అదే నీ పని" అంది అత్తయ్య. కొడుకు వంటకు ఆవిడ పెట్టిన మొదటి వంక అది. ఆ రోజు నవ్వితే నడుం ఎక్కడ కలుక్కుమంటుందోనని భయపడుతూనే నవ్వాను.

పదో వారం చివర నేను పనిలోకి వెళ్ళాను. నా టేబుల్ కాళ్ళ కింద నాలుగు చెక్కదిమ్మలు పెట్టి ఉన్నాయి, నేనింక వంగక్కర్లేకుండా. ఎవరు పెట్టారంటే ఎవరూ చెప్పలేదు. చెక్కదిమ్మలు నాలుగు ఇచ్చినట్టు స్టోరు రిజిస్టరులో మాత్రం ఉంది. కొత్తమ్మాయిని తీసెయ్యలేదు, పక్క టేబుల్‌కి మార్చారు. గళ్ళు కలపడం నా దగ్గర నేర్చుకుంటోంది. కత్తెర తీసుకోవడానికి వెళ్తే బాబాయ్ రిజిస్టరులో మూడో పేజీ చూపించాడు. పైన గుండ్రటి అక్షరాలతో, "సెలవులో ఉన్నవారు భద్రపరచమని ఇచ్చినవి." నేను శీర్షిక చదివాను, గడులన్నీ చదివాను, మళ్ళీ మొదట్నుంచి చదివాను.

"చదువుతున్నావా, బట్టీ పడుతున్నావా?" అన్నాడు బాబాయ్.

వానలు వెనకబట్టాయి. ఆయన ఆఖరి రోజున హాల్లో మెషిన్లు అరగంట ఆపారు. పై ఆఫీసు నుంచి ఒక గోడ గడియారం వచ్చింది, రిటైరైన ప్రతివాళ్ళకీ వచ్చేదే. ఫ్రేము రాలేదు. ఎందుకు రాలేదో అందరికీ తెలుసు, ఎవరూ ఆ మాట ఎత్తలేదు. బాబాయ్ తాళాల గుత్తి, స్టీలు స్కేలు బల్ల మీద పెట్టాడు. వెళ్ళిపోయేవాళ్ళ పేజీ తెరిచి, పైన ఉన్న శీర్షికను అందరికీ వినబడేలా చదివి, సంతకం పెట్టాడు. నా వైపు చూసి కన్ను గీటాడు.

అప్పుడు అత్తయ్య లేచింది. ఆవిడ వస్తానంటే నేనూ మా ఆయనా వెంట తీసుకొచ్చాం. చేతిలో గుడ్డ చుట్టిన ఒక ఫ్రేము ఉంది. చెక్కలు కోసి, రంగు వేసింది మా ఆయన. నిజంగానే రెండు కోట్లు వేశాడు. లోపల ఆ రోజు అత్తయ్య అడిగి తెచ్చుకున్న నకలు, ఆ పేజీది. ఎర్ర సిరా నకల్లో నల్లగా వచ్చింది. నా పేరు, దాని మీద తిన్నని గీత, కింద రెండు సంతకాలు.

"తమ్ముడూ, నేనూ ఇరవై తొమ్మిదేళ్ళు రిజిస్టర్లు రాశాను," అంది. "పార్శిల్ గదిలో కూర్చున్న నాలుగేళ్ళూ ఎవరైనా ఇలాంటి గీత ఒక్కటి గీస్తారేమోనని చూశాను. నాకు గీసినవాళ్ళు లేరు. మా అమ్మాయికి మీరు గీశారు."

అమ్మాయ్ అని పిలవడం వేరు. మా అమ్మాయి అనడం వేరు. నేను మా ఆయన చొక్కా పట్టుకుని నిలబడ్డాను.

బాబాయ్ ఫ్రేముని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశాడు. అద్దాన్ని చొక్కా చేత్తో తుడిచాడు. "స్కేలు పెట్టి గీశాను కాబట్టి సరిపోయింది. వంకరగా ఉంటే గోడకి పెట్టుకోలేకపోయేవాణ్ణి" అన్నాడు. అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు, అద్దాన్ని ఇంకోసారి తుడిచాడు.

తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు మేనేజరు వైపు తిరిగాడు. "సార్, రిజిస్టరు ఒక్కసారి ఇవ్వండి. గేటు దాటి బయటికెళ్ళే వస్తువేదైనా రాయాల్సిందే."

మేనేజరు తన పెన్ను ఇచ్చాడు. బాబాయ్ పెన్నుని గాల్లో ఆపాడు. మేమందరం, ఈసారి ఎవరం పళ్ళు నూరుకోకుండా, ఆయన లోపల చదువుకోవడం అయ్యేదాకా ఆగాం. అప్పుడు ఆయన రాశాడు.

"ఫ్రేము, ఒకటి. నా సొంతం."